పొలం నుంచి రోడ్డు దాకా

గడ్డి కోసం కామారెడ్డి వెళ్తున్నానని చెబితే మా ఇంట్లో అందరూ నవ్వారు. "గేదెను కొన్నావా ఏంటే?" అని మా అక్క ఫోన్లో అడిగింది. నవ్వే ఓపిక నాకు లేదు. హైదరాబాదు శివార్లలో వరిగడ్డిని పొడి చేసి, నొక్కి, బాయిలర్లలో బొగ్గుకు బదులు వాడే గుళికలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను రెండేళ్లుగా పనిచేస్తున్నాను. గడ్డి ఏ ఊళ్లో బయలుదేరాలి, ఏ లారీ ఎక్కాలి, ఏ రోజుకు చేరాలి, ఇదంతా కంప్యూటర్లో గీసేది నేనే. నా గీతలు చాలా అందంగా ఉంటాయి. లారీలు మాత్రం ఖాళీగా వస్తుంటాయి.

డిసెంబరు చివర్లో, వరుసగా మూడో వారం కూడా ఎల్లారెడ్డి వైపు నుంచి గడ్డి రాకపోయేసరికి మా మేనేజరు, "ఆ గీతలేవో ఒకసారి నేల మీద కూడా చూసి రండి" అన్నాడు. మాది తణుకు దగ్గర పల్లె. పుట్టినప్పటి నుంచి గడ్డిమేట్ల మధ్య పెరిగినదాన్ని, గడ్డి సంగతి నాకొకరు చెప్పాలా అనుకుంటూ రైలెక్కాను. ఆ గర్వం కామారెడ్డిలో టిఫిను తినేదాకా నిలిచింది.

కామారెడ్డి

టిఫిను గురించి మాత్రం ఫిర్యాదు లేదు. స్టేషను బయట బండి దగ్గర ముప్పై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, మీద కారప్పొడి. మా వైపు అల్లం పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే పెళ్లివారు కూడా లేచిపోతారు. ఇక్కడ అల్లం పచ్చడి అడిగితే బండాయన నన్ను ఎగాదిగా చూసి, "ఆంధ్రానా మేడం?" అని ఇంకాస్త పల్లీ చట్నీ పోశాడు.

అక్కడి నుంచి ఆటోలో మా యార్డుకు వెళ్లాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గడ్డికట్టలు ముందు ఇక్కడికి వస్తాయి. కాంటా వేసి, తడి ఎంతుందో చూసి, పేర్చి పెడితే పెద్ద లారీ వచ్చి ఫ్యాక్టరీకి తీసుకుపోతుంది. యార్డు చూసుకునే మనిషి పేరు నర్సింలు. యాభై ఏళ్లుంటాయి. చేతిలో మూరెడు పొడవు సూది ఉన్న మీటరు పట్టుకుని, ఒక ట్రాక్టరు ట్రాలీలోని కట్టల్లో గుచ్చి చూస్తున్నాడు.

"తడున్నది. వాపస్," అన్నాడు.

ట్రాక్టరాయన చేతులు రెండూ పైకెత్తాడు. "అన్నా, నిన్న కూడ వాపసే అంటివి. నిన్నటికంటె ఇయ్యాల ఎండింది గద!"

"మీటరు ఒప్పుకోదు తమ్మీ. నేనేం జెయ్యాలె?"

నేను వెళ్లి నా పేరు చెప్పాను. నర్సింలు కత్తిని ఒరలో పెట్టినట్టు మీటరును సంచిలో పెట్టి నా వైపు తిరిగాడు. "మీరేనా మేడం ఆ టైమింగులు రాసేది? ఒక్క ముచ్చట అడుగుత. గేటు పొద్దుగాల ఎనిమిది నుంచి పన్నెండు దాకనే అని ఎందుకు పెట్టిండ్రు? ఈ దినాలల్ల పది దాక మంచు కురుస్తది. ఎండ తగలకముందే సూది గుచ్చితే తడి రాక ఏమొస్తది? మూడు గంటలకు గుచ్చమను, అన్ని పాసయితయి."

ఎందుకు పెట్టానంటే, ఫ్యాక్టరీకి వెళ్లే పెద్ద లారీ మధ్యాహ్నం రెండుకు బయలుదేరాలని గీశాను కాబట్టి. వెంటనే మేనేజరుకు ఫోను చేశాను. "మీటింగులో మాట్లాడదాం" అన్నాడు. ఈ లోపల ఆ ట్రాక్టరు రెండోసారి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ డ్రైవరు నన్నొక చూపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

తాడుకు టికెట్టు

ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉండగా ఖాజా భాయ్ ఫోను చేశాడు. పొలంలో పడి ఉన్న గడ్డిని చుట్టి కట్టలు కట్టే మిషను ఆ వైపు ఆయనకే ఉంది. "మేడం, కామారెడ్డిలనే ఉన్నరు గద? తాడు పట్కరండి. తాడు లేక మిషను మూడు రోజుల సంది పండుకున్నది."

కట్టలు కట్టే తాడు మా కంపెనీయే పంపాలి. పంపినట్టు నా కంప్యూటర్లో ఆకుపచ్చ గుర్తు కూడా ఉంది. "వచ్చింది కదా భాయ్?" అన్నాను.

"గుర్తు వచ్చిందేమో మేడం. తాడు రాలేదు."

పనిముట్ల దుకాణం వెతికి, గుమ్మడికాయంత ఉండలు నాలుగు కొని, గోనెసంచిలో వేయించుకుని బస్సెక్కాను. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చింది. తర్వాత సంచిని కాలితో తట్టింది. "ఇదేంది?"

"గడ్డి కట్టే తాడండి."

"ఆడోళ్లకు ఫ్రీ. తాడుకు ఫ్రీ లేదు. లగేజీ తీసుకోవాలె."

తాడు టికెట్టు కొన్నాను. బస్సంతా నవ్వింది. పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "ఎందుకు బిడ్డా అంత తాడు?" అని ఆరా తీసింది. చెప్పాను. "గడ్డిని కొంటరా?" అని సంచిలోకి తొంగిచూసి, "మా ఊళ్లె కాలవెడ్తున్నరు. కొనేటోళ్లున్నరని మాకు చెప్పినోళ్లు లేరు" అంది. ఏ ఊరని అడిగాను. లింగంపేట దగ్గర ఏదో పేరు చెప్పింది. నా గీతల్లో ఆ ఊరు లేదు. లింగంపేట దాటాక కిటికీలోంచి చూస్తే నిజంగానే రెండు మూడు చోట్ల నల్లగా మాడిన మళ్లు కనిపించాయి.

ఎల్లారెడ్డి

ఖాజా భాయ్ బస్టాండుకు మోటారు సైకిలు మీద వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. తాడుండలు చూడగానే ఎదురొచ్చి సంచిని రెండు చేతులా ఎత్తుకున్నాడు, కూతురి అత్తారింటి నుంచి వచ్చిన మనవణ్ణి ఎత్తుకున్నట్టు. నన్ను పలకరించింది ఆ తర్వాతే.

ఆయన ఇంట్లో బగారన్నం, దాల్చా పెట్టారు. ఆయన భార్య షబానా వడ్డిస్తూ, "తినండి అమ్మా, రేపు పొలంల అన్నం దొరకది" అంది. దాల్చాలో సొరకాయ ముక్కలు వెన్నలా కరిగిపోతున్నాయి. మూడోసారి వేయించుకున్నాను.

ఖాజా భాయ్ సౌదీలో పదేళ్లు గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడట. "అక్కడ గోదాం అంటే మన ఎల్లారెడ్డంత ఉంటది మేడం. అంత దాంట్ల సూది పోయినా అయిదు నిమిషాలల్ల దొరుకుతది. ఇక్కడ లారీయే పోతే దొరుకుతలేదు."

నిజమే. ఆ సాయంత్రం నా ఫోన్లో, పొలాల నుంచి యార్డుకు గడ్డి మోసే మా లారీ నాగిరెడ్డిపేటలో ఉన్నట్టు చూపించింది. డ్రైవరుకు చేస్తే బిచ్కుందలో ఉన్నానన్నాడు. ఆ ఊరు మహారాష్ట్ర సరిహద్దులో ఉంటుంది, ఇక్కడికి బాగా దూరం. "ఇంటి కాడ పని ఉండె మేడం. రేపు పొద్దుగాల వస్త."

"మరి లొకేషను నాగిరెడ్డిపేట అని చూపిస్తోందేం?"

"అది ముందుగాలనే పెట్టేసిన మేడం. మల్ల మీరు పరేషాన్ అయితరని."

లచ్చవ్వ పొలం

రెండోరోజు పొద్దున్నే నాగిరెడ్డిపేట వైపు బయలుదేరాం. పోచారం చెరువు కింది ఆయకట్టు అది. కోత మిషను కోసి పారబోసిన గడ్డి మళ్లలో వరసలు వరసలుగా పడి ఉంది. మా వైపు ఇప్పటికీ చాలామంది గడ్డిని మోపులు కట్టి మేటు వేస్తారు. ఇక్కడ చేత్తో కోసేవాళ్లే కరువయ్యారు.

లచ్చవ్వకు అరవై దాటి ఉంటాయి. రెండెకరాల ఆసామి. గట్టు మీద కొంగు నడుముకు చుట్టి నిలబడి ఉంది. ఖాజా భాయ్ నన్ను చూపించి, "కంపెనీ మేడం వచ్చింది అవ్వా" అన్నాడు.

"వచ్చినావు బిడ్డా? ఇంకో దినమైతే రాకపోయినా నడుస్తుండె," అంది. కోపంగా కాదు. అలసటగా.

సంగతేమిటంటే మర్నాడు కాలువకు నీళ్లు వదులుతున్నారు. నారు సిద్ధంగా ఉంది. పొలంలో గడ్డి ఉంటే దున్నడానికి వీల్లేదు. చుట్టుపక్కల వాళ్లంతా అగ్గిపుల్ల గీసి గంటలో పని తేల్చుకున్నారు. లచ్చవ్వ ఒక్కతే మూడు వారాలుగా మా లారీ కోసం ఆగింది.

"మీరెందుకు కాల్చలేదవ్వా?" అని అడిగాను. కంపెనీ మీద నమ్మకం అంటుందేమోనని ఎక్కడో ఆశ.

ఆమె పక్క పొలం వైపు చూసింది. "పోయినేడు కాలవెట్టిన. గాలి మళ్లింది. మంట ఒడ్డు దాటిపోయి సాయవ్వ గడ్డివామును అందుకున్నది. ఆమెకు నాలుగు బర్లు. ఏడాది మేత. నేను ఉరుకుడే ఉరుకుడు, బిందెలతోటి నీళ్లు పోసుడే పోసుడు. ఏం మిగులలేదు. చిన్నప్పటి సంది ఒక్క బాట నడిచినోళ్లం. ఆనాటి సంది మాటల్లేవు. ఇగ నా చేతుల అగ్గిపెట్టె పట్టనని ఒట్టు పెట్టుకున్న."

ఆ మూడు వారాలూ నా కంప్యూటర్లో ఈ పొలం పేరు 'పెండింగ్' అని మాత్రమే ఉంది.

ఖాజా భాయ్ మిషను కదిలింది. గడ్డిని లోపలికి లాక్కుని, గుండ్రంగా చుట్టి, తాడు బిగించి వెనకనుంచి ఒక్కొక్క కట్టా దించుతుంటే ముచ్చటేసింది. ఆ ముచ్చట అరగంటే. బేరింగు దగ్గర గడ్డి చిక్కుకుని ఆగింది. లాగితే రాలేదు. ఖాజా భాయ్ కింద పడుకుని కొడవలితో కోస్తూ ఉర్దూలో మిషను వంశాన్నంతా తలచుకున్నాడు. గంట పోయింది.

లచ్చవ్వ నాకు జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. మా గోంగూరే ఇక్కడ పుంటికూర. ఆ మాటంటే, "మీ గోంగూర గింత పుల్లగుంటదా?" అంది అనుమానంగా. ఉంటుందన్నాను. నమ్మలేదు.

కల్వర్టు

మధ్యాహ్నం మూడింటికి లారీ వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అది పొలం దాకా రాకుండా తారు రోడ్డు మీదే ఆగిపోయింది. వెళ్లి చూస్తే పిల్లకాలువ మీద ఇరుకైన కల్వర్టు ఉంది. ట్రాక్టరు పడుతుంది, ఎడ్లబండి పడుతుంది. లారీ పట్టదు.

డ్రైవరు మారుతి కిందికి దిగి, టైర్లు చూసుకుని, మరాఠీలో ఏదో అనుకుని, "రాదు మేడం" అన్నాడు.

"ఎందుకు రాదు? మ్యాపులో దారి ఉంది!"

"మ్యాపుల దారి ఉన్నది. దారి మీద లారీ పట్టాలె గద."

పొలం నుంచి రోడ్డు దాకా ఎంత దూరం? పిల్లలు పరుగు పందెం పెట్టుకునేంత. రోడ్డు నుంచి ఫ్యాక్టరీ దాకా ప్రతి మలుపూ గీశాను నేను. ఈ కాస్త దూరం నా పటంలో లేనే లేదు. అందరు రైతుల పొలాలూ రోడ్డు పక్కనే ఉంటాయని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఈ మూడు వారాల్లో అంతకుముందు వచ్చిన లారీ కూడా ఈ కల్వర్టు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయిందట. "రైతు అందుబాటులో లేరు" అని రాశాడు ఆ డ్రైవరు. రైతు పొలంలోనే ఉంది.

ట్రాలీ ఉన్న ట్రాక్టరు కావాలి. ఊళ్లో ట్రాక్టర్లన్నీ నీళ్లొచ్చేలోపు దుక్కులు చేయడానికి పోయాయి. ఖాజా భాయ్ నలుగురికి ఫోను చేసి, చివరికి గడ్డం గోక్కుంటూ మెల్లగా అన్నాడు: "సాయవ్వ ఇంట్ల ఉన్నది ట్రాక్టరు. ఆమె మరిది నడుపుతడు."

లచ్చవ్వ కొంగు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుంది. "నడు బిడ్డా," అంది నాతో.

సాయవ్వ ఇల్లు దగ్గరే. దొడ్లో గేదెలకు కుడితి పెడుతోంది. లచ్చవ్వ గడప బయటే ఆగిపోయింది. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపింది.

"సాయవ్వా. ట్రాలీ కావాలె. పొద్దుమూకే లోపు గడ్డి రోడ్డెక్కాలె."

సాయవ్వ తిరగలేదు. "ఏడాది సంది నా వాకిలి తొక్కకపోతివి."

"ఏ మొఖం పెట్టుకొని తొక్కాలె?"

"మొఖం నాకెందుకే? గడ్డి పట్టుకొని వస్తే అయిపోతుండె. నా బర్లు ఏడాది కొనుక్కచ్చిన మేత తిన్నయి." కుడితి బకెట్టు కింద పెట్టి అప్పుడు తిరిగింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ట్రాలీ ఇస్త. ముందుగాల నా దొడ్డి నిండాలె. మిగిలింది నీ లారీల ఏసుకో."

నేను ఉండబట్టలేక, "అమ్మా, ఆ గడ్డి మా కంపెనీ పేరు మీద రాసేశామండీ. లారీ నిండకపోతే..." అన్నాను.

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

"ఎవలీమె?" అంది సాయవ్వ.

"గడ్డి కంపెనీ ఆమె. మూడు వారాల సంది లారీ పంపుతనన్నది ఈమెనే," అంది లచ్చవ్వ.

"ఆఁ," అంది సాయవ్వ. ఆ ఒక్క "ఆఁ"లో నా ఉద్యోగమంతా ఉంది.

మొదటి ట్రాలీ సాయవ్వ దొడ్లోకి పోయింది. రెండోది కూడా. మూడో ట్రాలీకి సాయవ్వే ఇక చాలంది. ఆ తర్వాత అందరం ఎక్కించాం. నేను కూడా. కట్టలు చూడ్డానికి తేలిక, మోస్తే అరచేతులు కోసుకుపోతాయి. పొద్దువాలేసరికి పొలం ఖాళీ అయింది. లారీ మాత్రం సగం పైన కొంచెమే నిండింది.

లారీ నిండితే తప్ప ట్రిప్పు మొదలుపెట్టనివ్వదు మా యాప్. ఎన్నిసార్లు నొక్కినా ఎర్రగా అరిచింది. మారుతి, "ట్రిప్పు నంబరు రాకుంటే నేను కదల మేడం" అన్నాడు. నేను తెల్లకాగితం మీద ఎన్ని కట్టలో, ఎవరి పొలమో రాసి, సంతకం పెట్టి చేతికిచ్చాను. నా సంతకంతో ఒక లారీ కదలడం నేను కళ్లారా చూడడం అదే మొదటిసారి.

మళ్లీ గేటు దగ్గర

మూడోరోజు ఉదయం తొమ్మిదికి యార్డులో నర్సింలు సూది గుచ్చాడు. టార్పాలిన్ కింద రాత్రంతా చెమట పట్టింది గడ్డి. నా వైపు జాలిగా చూశాడు. "తడున్నది మేడం."

మేనేజరుకు ఫోను చేశాను. "రూలు రూలే కదండీ. రాసింది మీరే కదా," అన్నాడు.

"రాసింది నేనే. ఇవాళ మారుస్తున్నదీ నేనే. మూడింటికి గేటు తీసి ఉంటుంది. పెద్ద లారీ అయిదుకు వెళ్తుంది. మీటింగులో నన్ను తిట్టుకోండి," అని పెట్టేశాను. నర్సింలు అప్పటికే టార్పాలిన్ తాళ్లు విప్పుతున్నాడు.

పై కట్టలు దించి ఎండకు పరిచాం. చాయ్ తెప్పించాడు, పది రూపాయల కప్పు, పాకం లాంటి తీపి. ఎప్పటికప్పుడు కట్టల్ని దొర్లించాం. మారుతి కూడా ఓ చెయ్యి వేశాడు, మధ్యమధ్యలో బిచ్కుందకు ఫోను చేసి ఇంకా కామారెడ్డిలోనే ఉన్నానని, ఈసారి నిజమే చెబుతూ. మూడు దాటాక సూది గుచ్చితే అన్నీ పాసయ్యాయి. మంచు బాగా తాగిన డజను కట్టలు తప్ప. నర్సింలు మీటరు నా చేతికిచ్చి, "మీరే చూడుండ్రి" అన్నాడు. చూశాను.

ఇంటికొచ్చాక

హైదరాబాదు వచ్చి వారమైంది. గేటు సమయం మారింది. పొలం నుంచి రోడ్డుకు ట్రాక్టరు పెట్టే సంగతి గట్టిగా పోట్లాడితే, ఈ ఒక్క సీజనుకు చూద్దామన్నారు. బస్సులో ముసలమ్మ చెప్పిన ఊరు పటంలోకి ఎక్కింది, ఆలస్యంగానే అనుకోండి. నిండని లారీ కదలకూడదన్న రూలు మాత్రం అలాగే ఉంది. ఆ పొలం గడ్డి తక్కువ వచ్చిందేమిటని నన్ను మూడుసార్లు అడిగారు. నాలుగు బర్లు తిన్నాయని రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

నిన్న లచ్చవ్వకు ఫోను చేశాను. గడ్డి భద్రంగా చేరిందని చెబుదామని. అవతల ట్రాక్టరు మోత.

"ఎవలు?"

"నేనవ్వా, గడ్డి కంపెనీ..."

"ఆఁ బిడ్డా! నీళ్లొచ్చినయి. కరిగెట నడుస్తున్నది. సాయవ్వ ఇంటి ట్రాక్టరే దున్నుతున్నది." గొంతు పక్కకు తిప్పి ఎవరితోనో అంది: "ఆంధ్రామెనే. లారీ ఆమె." పక్కనుంచి ఎవరో ఏదో అంటే పకపకా నవ్వింది. మళ్లీ నాతో, "ఇద్దరం ఒడ్డు మీద కూసోని సద్ది తింటున్నం. మల్ల చెయ్యి బిడ్డా, చేతికి పప్పున్నది," అని పెట్టేసింది.

నేను ఫోను బల్ల మీద పెట్టి, ఆ ఫారం అంచున 'నాలుగు బర్లు తిన్నాయి' అని రాసి, తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లాను.